రిమోట్ నొక్కితే పీసీ ఎందుకు లేవదు? ఈ నెల మీ ప్రశ్నలు

హోమ్ థియేటర్ పీసీ (టీవీకి తగిలించి సినిమాలు చూసే కంప్యూటర్) గురించి పోయిన నెల రెండు ముక్కలు రాసిన పాపానికి ఈ నెల ఉత్తరాలే ఉత్తరాలు, అన్నిట్లోనూ గొడవ ఒకటే, సోఫాలో కూర్చుని టీవీని ఆన్ చేసినట్టే పీసీని కూడా రిమోట్ తో ఆన్ చేయాలి, ఆఫ్ చేయాలి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, మీ ప్రశ్న మీరు రాసినట్టే కనపడకపోతే ఏమనుకోకండి, జవాబు ఎక్కడో ఒక దగ్గర దొరుకుతుంది.

ప్రశ్న: టీవీ కింద చిన్న పీసీ పెట్టాను, రిమోట్ సిగ్నల్ పట్టుకునే యూఎస్‌బీ ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిసీవర్ తగిలించాను. ప్లే, పాజ్, వాల్యూమ్ అన్నీ రిమోట్ తో బానే పనిచేస్తున్నాయి, పవర్ బటన్ నొక్కితే షట్‌డౌన్ కూడా అవుతోంది. కానీ మళ్ళీ ఆన్ చేద్దామంటే ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, లేచెళ్ళి కేసు మీద బటన్ నొక్కాల్సిందే. రిసీవర్ పాడైందా, మార్చాలా?

జవాబు: రిసీవర్ నిక్షేపంగా ఉందండి, మార్చకండి. పీసీ ఆన్ లో ఉన్నప్పుడు రిమోట్ సిగ్నల్ ని రిసీవర్ పట్టుకుని యూఎస్‌బీలోంచి విండోస్ కి ఇస్తుంది, అది పాజ్ అయితే పాజ్, ఆఫ్ అయితే ఆఫ్, ఏం చేయాలో విండోస్ చూసుకుంటుంది. షట్‌డౌన్ అయ్యాక విండోసే లేదు, ఇంక వినేదెవరు? మీరు తలుపు కొడుతున్నారు గానీ ఇంట్లో ఎవరూ లేరు. టీవీ అలా కాదు, ఆఫ్ చేశాం అనుకుంటాం గానీ లోపల చిన్న సర్క్యూట్ ఒకటి రిమోట్ కోసం ఎప్పుడూ చెవి ఒగ్గి కూర్చునే ఉంటుంది. అందుకే ఈ రిమోట్ పవర్ వ్యవహారంలో ఎవరు ఏం అడిగినా ముందు నేను చూసేది ఒకటే, పీసీ పడుకున్నప్పుడు మెలకువగా ఉండేది ఎవరు, వాళ్ళకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది అని.

కరెంటు అయితే ఉంది. ఏటీఎక్స్ (మామూలు డెస్క్‌టాప్ పీసీల రకం) పవర్ సప్లైలో స్టాండ్‌బై 5 వోల్టుల లైన్ ఒకటి ఉంటుంది, ఊదా రంగు వైరు, ప్లగ్ పీకేదాకా లేదా వెనకాల ఉన్న స్విచ్ కట్టేసేదాకా అది బతికే ఉంటుంది. కేసు మీద బటన్ నొక్కినప్పుడు ఆ సంగతి కనిపెట్టి మిగతా పవర్ సప్లైని లేపేది ఈ 5 వోల్టుల మీద బతుకుతున్న చిన్న సర్క్యూటే. అంటే మీ పీసీ కూడా టీవీలాగే ఎప్పుడూ పూర్తిగా ఆఫ్ అవ్వదు, కాకపోతే అది ఎదురుచూసేది బటన్ కోసం, రిమోట్ కోసం కాదు.

ఇక్కడ మూడు రకాల నిద్ర ఉంది, ఈ తేడా తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఎస్3 అంటే మనం మామూలుగా స్లీప్ అనేది, ర్యామ్ కి మాత్రం కరెంటు ఇచ్చి మిగతావన్నీ ఆపేస్తుంది, రెండు మూడు సెకన్లలో ఎక్కడ వదిలామో అక్కడికే లేస్తుంది. ఎస్4 హైబర్నేట్, ర్యామ్ లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి పడుకుంటుంది. ఎస్5 అంటే షట్‌డౌన్. ఎస్3 లోంచి యూఎస్‌బీ పరికరంతో లేపడం దాదాపు అన్ని మదర్‌బోర్డుల్లోనూ కుదురుతుంది, ఎస్5 లోంచి మాత్రం ఏదో కొన్ని బోర్డుల్లో తప్ప కుదరదు. మీరు రిమోట్ తో షట్‌డౌన్ చేస్తున్నారు, అక్కడే చిక్కొచ్చింది.

కాబట్టి నా సలహా షట్‌డౌన్ మానేసి స్లీప్ వాడండి. ముందు బయోస్ లోకి (విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్ళి ఈఆర్‌పీ అనే ఆప్షన్ ఆన్ లో ఉంటే ఆఫ్ చేయండి, పాత బోర్డుల్లో దాని పేరు ఈయూపీ అని ఉంటుంది. అది ఆఫ్ లో ఉన్న పరికరాలు అర వాటు మించి తినకూడదు అనే యూరప్ నిబంధన కోసం పెట్టింది, అది ఆన్ లో ఉంటే చాలా బోర్డుల్లో పీసీ ఆఫ్ అయ్యాక యూఎస్‌బీకి కరెంటు కట్ చేసేస్తుంది, మీ రిసీవర్ కి ఊపిరి ఆడదు. తర్వాత అక్కడే యూఎస్‌బీతో లేపడం అనే అర్థం వచ్చే సెట్టింగ్ ఉంటే ఎనేబుల్ చేయండి, ఒక్కో బోర్డు వాడు ఒక్కో పేరు పెడతాడు కాబట్టి వేక్, రెజ్యూమ్ అనే మాటల కోసం వెతకండి. ఆ తర్వాత విండోస్ లో డివైస్ మేనేజర్ తెరిచి మీ రిసీవర్ మీద డబుల్ క్లిక్ చేసి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ లో కంప్యూటర్ ని లేపడానికి ఈ పరికరానికి అనుమతి ఇవ్వు అనే దానికి టిక్ పెట్టండి. కొన్ని రిసీవర్లు విండోస్ కి కీబోర్డ్ లాగా కనిపిస్తాయి, ఫ్లర్క్ అలాంటిదే, అప్పుడు ఈ టిక్ కీబోర్డుల లిస్టులో ఉంటుంది, రిసీవర్ పేరు కోసం వెతికి లేదనుకుని వదిలేయకండి.

చివరిగా రిమోట్ పవర్ బటన్ కి ఏం జరగాలో మార్చాలి. విండోస్ పవర్ ఆప్షన్స్ లో పవర్ బటన్ నొక్కితే స్లీప్ అని పెట్టండి. కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళయితే దాని సెట్టింగ్స్ లో పవర్ సేవింగ్ దగ్గర షట్‌డౌన్ ఫంక్షన్ అని ఉంటుంది, దాన్ని సస్పెండ్ చేయండి. ఇంతే, నూటికి తొంభై మందికి ఇక్కడితో అయిపోతుందని నా నమ్మకం.

ప్రశ్న: నేను పీసీ షట్‌డౌన్ చేసినా మౌస్ లైటు వెలుగుతూనే ఉంటుంది. అంటే యూఎస్‌బీకి కరెంటు ఉన్నట్టే కదా, మరి రిమోట్ తో ఎందుకు లేవట్లేదు?

జవాబు: కరెంటు ఉండటం వేరు, మాట చెల్లడం వేరు. రిసీవర్ మెలకువగానే ఉంది, సిగ్నల్ కూడా పట్టుకుంది, కానీ ఎస్5 లో యూఎస్‌బీ వైపు నుంచి వచ్చే పిలుపుని బోర్డు పట్టించుకోవట్లేదు. కొన్ని బోర్డుల బయోస్ లో కీబోర్డ్ తో పవర్ ఆన్ అనే ఆప్షన్ ఉంటుంది, మీ రిసీవర్ కీబోర్డ్ రకం అయితే అది ఎనేబుల్ చేసి ఒకసారి ప్రయత్నించండి, తగిలితే అదృష్టం. ఇంకొక మాట, విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అన్నది అసలు సిసలు షట్‌డౌన్ కాదు, ఫాస్ట్ స్టార్టప్ అని సగం హైబర్నేట్ లాంటిది, ప్రయోగాలు చేసేటప్పుడు దాన్ని ఆపేసి చేయండి, లేకపోతే ఏది ఎందుకు పనిచేసిందో ఏది ఎందుకు చేయలేదో మీకే అర్థం కాదు.

ప్రశ్న: స్లీప్ లో పెడితే రోజంతా కరెంటు తింటుంది కదా? మధ్యలో కరెంటు పోతే పరిస్థితి ఏంటి?

జవాబు: తింటుంది గానీ చాలా కొంచెం, షట్‌డౌన్ చేసి ప్లగ్ ఉంచినా ఎంతో కొంత తింటుంది కదా, స్లీప్ లో దానికంటే కాస్త ఎక్కువ, మామూలు పీసీ అయితే మొత్తం మీద రెండు మూడు వాట్ల లెక్క. అనుమానం ఉంటే ప్లగ్ కి తగిలించే చిన్న వాట్ మీటర్ తో మీరే కొలుచుకోండి. కరెంటు పోతే మాత్రం ర్యామ్ లో ఉన్నదంతా పోతుంది, సేవ్ చేయని ఫైల్ ఉంటే గోవిందా. దీనికి విండోస్ లో హైబ్రిడ్ స్లీప్ ఉంది, స్లీప్ లోకి వెళ్తూనే డిస్క్ మీద కూడా ఒక కాపీ రాసి పెట్టుకుంటుంది, కరెంటు పోకపోతే ఎప్పట్లాగే టక్కున లేస్తుంది, పోతే డిస్క్ మీద నుంచి నెమ్మదిగా లేస్తుంది. సినిమాలు చూసే పీసీకి ఇది చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: మీరు చెప్పే ఎస్3 నా కొత్త మినీ పీసీ బయోస్ లో ఎక్కడా కనపడట్లేదు.

జవాబు: అందులో లేకపోవచ్చు. కొత్త వాటిలో చాలా వరకు ఎస్3 తీసేసి ఫోన్ లాగా సగం మెలకువతో ఉండే మోడర్న్ స్టాండ్‌బై పెడుతున్నారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్ ని స్లాష్ ఎ తో కలిపి (powercfg /a) కొట్టండి, మీ మెషిన్ కి ఏ నిద్రలు వచ్చో ఏవి రావో జాబితా చదివేస్తుంది. అందులో లో పవర్ ఐడిల్ అని వస్తే మీది కొత్త రకం. దాంట్లోంచి యూఎస్‌బీతో లేస్తుందా లేదా అన్నది తయారీదారు చేతిలో ఉంటుంది, కాబట్టి అది ఒకసారి నిద్రపుచ్చి రిమోట్ నొక్కి చూసుకోవాల్సిందే.

ప్రశ్న: మీరు చెప్పినవన్నీ చేశాను, రిమోట్ తో లేస్తోంది, సంతోషం. కానీ ఇప్పుడు అర్ధరాత్రి ఎవరూ ముట్టుకోకుండానే దానంతట అదే లేచి కూర్చుంటోంది, టీవీ కూడా వెలుగుతోంది, ఇంట్లో వాళ్ళు హడలిపోతున్నారు.

జవాబు: దెయ్యం కాదండీ, ఎవరు లేపారో పీసీనే అడగొచ్చు. అది లేవగానే పవర్‌సీఎఫ్‌జీ కమాండ్ తో లాస్ట్‌వేక్ అని (powercfg /lastwake) కొట్టండి, ఆఖరిసారి నిద్ర లేపిన పరికరం పేరు చెబుతుంది. నెట్‌వర్క్ కార్డ్ పేరు వస్తే డివైస్ మేనేజర్ లో దాని టిక్ తీసేయండి, వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి పీసీని లేపడం) మీరు వాడేట్టయితే మాత్రం ఆ టిక్ తీయకుండా, మ్యాజిక్ ప్యాకెట్ (లేపడానికే పంపే ప్రత్యేకమైన పిలుపు) వస్తేనే లేపాలి అనే రెండో టిక్ కూడా పెట్టండి చాలు. టైమర్ అని వస్తే అప్‌డేట్ల కోసం విండోసే అలారం పెట్టుకుంది, పవర్ ఆప్షన్స్ లో వేక్ టైమర్లు డిసేబుల్ చేయండి. మౌస్ పేరు వస్తే మౌస్ కి ఆ హక్కు పీకేయండి, టేబుల్ కాస్త కదిలినా లేపేస్తుంది అది. ఏ పరికరాలకి లేపే హక్కు ఉందో అదే కమాండ్ లో డివైస్‌క్వెరీ, వేక్ ఆర్మ్‌డ్ అని (powercfg /devicequery wake_armed) అడిగితే లిస్టు ఇస్తుంది, ఆ లిస్టులో రిసీవర్ ఒక్కటే మిగిలేదాకా కోసుకుంటూ రండి.

నిజంగానే రిసీవర్ పేరే వస్తే మాత్రం ఇంట్లో ఇంకో రిమోట్ కోడ్ మీ పీసీ రిమోట్ కోడ్ తో కలుస్తోందేమో చూడండి, టీవీ రిమోట్ నే పీసీకి నేర్పించినవాళ్ళకి ఇది తప్పకుండా తగులుతుంది.

ప్రశ్న: నాకు సోల్డరింగ్ అలవాటే, ఆర్డుయినోతో కూడా కొంచెం ఆడాను. స్లీప్ నాకొద్దు, పూర్తి షట్‌డౌన్ లోంచి రిమోట్ తో ఆన్ అవ్వాలి, అదే రిమోట్ తో ఆఫ్ అవ్వాలి. ఆకుపచ్చ వైరుని రిలేతో గ్రౌండ్ కి కలిపితే పవర్ సప్లై ఆన్ అవుతుందని చదివాను, అలా చేసేయొచ్చా?

జవాబు: ఆకుపచ్చ వైరు జోలికి వెళ్ళకండి. 24 పిన్నుల కనెక్టర్ లో 16వ పిన్ అది, గ్రౌండ్ కి కలిపితే సప్లై లేస్తుంది, నిజమే, కానీ మదర్‌బోర్డుని పక్కకి తోసేసి మీరు లేపుతున్నారన్నమాట. విండోస్ షట్‌డౌన్ చేసినా సప్లై ఆగదు ఎందుకంటే దాన్ని మీ రిలే పట్టుకుని ఉంది, మీరు రిలే వదిలేస్తే విండోస్ ఏం రాస్తున్నా పట్టించుకోకుండా కరెంటు పోతుంది, డిస్క్ గతి దేవుడికే తెలియాలి. మనకి కావల్సింది కరెంటు స్విచ్ కాదు, కేసు మీద బటన్ ని నొక్కే ఒక వేలు. ఆ వేలిని ఎలక్ట్రానిక్స్ తో తయారు చేద్దాం.

కేసు బటన్ లో పెద్ద విషయం ఏమీ లేదు, బోర్డు మీద రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలిపి వదిలేస్తుంది. ఆ పని ఆప్టోకప్లర్ (ఒక వైపు ఎల్ఈడీ వెలిగితే రెండో వైపు ట్రాన్సిస్టర్ స్విచ్ లాగా కలిసే చిప్) చేయగలదు, పీసీ817 లాంటిది ఒకటి చాలు. దాని ట్రాన్సిస్టర్ వైపు రెండు కాళ్ళని పవర్ బటన్ పిన్నులకి సమాంతరంగా వేయండి, కలెక్టర్ ప్లస్ వైపు, ఎమిటర్ గ్రౌండ్ వైపు, ఏది ప్లస్సో మల్టీమీటర్ పెట్టి చూసుకోండి, తిరగేసి పెడితే పనిచేయదు. కేసు బటన్ ని అలాగే ఉంచండి, రిమోట్ సోఫా సందులో పడిపోయిన రోజు అదే దిక్కు. ఆప్టోకప్లర్ లోపలి ఎల్ఈడీకి 470 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి మైక్రోకంట్రోలర్ (ఆర్డుయినోలో ఉండేలాంటి ప్రోగ్రామ్ చేసుకునే చిప్) పిన్ కి కలపండి, 8 మిల్లీఆంప్స్ దాకా వెళ్తాయి, సరిపోతుంది. రిలే కూడా వాడొచ్చు గానీ టిక్కుటిక్కుమని చప్పుడు, కరెంటు ఎక్కువ, ఎందుకొచ్చింది.

మెలకువగా ఉండేది ఇప్పుడు మీ మైక్రోకంట్రోలర్, ఏటీటైనీ85 లాంటి ఎనిమిది కాళ్ళ చిప్ చాలు. దానికి కరెంటు ఊదా వైరు నుంచి, 24 పిన్నుల్లో 9వది. చాలా సప్లైలు ఆ లైన్ మీద 2 ఆంపియర్ల పైనే ఇస్తాయి, మన సర్క్యూట్ తినేది కొన్ని మిల్లీఆంప్సే కాబట్టి బెంగ లేదు, కానీ ఆ లైన్ లో ఒక చిన్న ఫ్యూజ్ పెట్టండి, ఎక్కడైనా షార్ట్ అయితే ఊదా వైరు మీద 2 ఆంపియర్లు తక్కువేం కాదు. 24 పిన్నుల వైరు కోయడం ఇష్టం లేకపోతే పీసీ ఆఫ్ లోనూ బతికుండే యూఎస్‌బీ హెడర్ నుంచి తీసుకోండి, మీ మౌస్ లైటు వెలుగుతుందంటే అది బతికే ఉన్నట్టు.

రిసీవర్ కి టీఎస్ఓపీ38238 లాంటి మూడు కాళ్ళ మాడ్యూల్ తీసుకోండి. 38 కిలోహెర్ట్జ్ దగ్గర వచ్చే ఐఆర్ మినుకుల్ని మాత్రం పట్టుకుని, ఎండ ట్యూబ్‌లైట్ లాంటి గోలని చాలా వరకు వడకట్టి, శుభ్రమైన సిగ్నల్ ఇస్తుంది, సిగ్నల్ ఉన్నప్పుడు అవుట్‌పుట్ కిందకి దిగుతుంది, అది గుర్తుపెట్టుకోండి. పీసీ సప్లైలో స్విచింగ్ గోల ఎక్కువ, దాని ప్లస్ కాలికి 100 ఓమ్స్ రెసిస్టర్, అక్కణ్ణుంచి గ్రౌండ్ కి ఒక కెపాసిటర్ పెట్టండి, ఇది పెట్టకుండా చాలామంది రిమోట్ దూరం తగ్గిపోయింది అని మొత్తుకుంటారు.

రిమోట్ భాష విషయానికొస్తే చాలా రిమోట్లు మాట్లాడేది ఎన్ఈసీ ప్రోటోకాల్. ముందు 9 మిల్లీసెకన్ల పొడుగు పల్స్, తర్వాత 4.5 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆపైన 32 బిట్లు. సున్నాకి 1.125 మిల్లీసెకన్లు, ఒకటికి దానికి రెట్టింపు 2.25, ఇంత తేడా ఉంటుంది కాబట్టి ఏటీటైనీ లోపలి ఆసిలేటర్ కొంచెం అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు, క్రిస్టల్ అక్కర్లేదు. బటన్ ని పట్టుకునే ఉంటే మొత్తం కోడ్ మళ్ళీ రాదు, 110 మిల్లీసెకన్లకి ఒకసారి ఇంకా పట్టుకునే ఉన్నాడు అనే చిన్న రిపీట్ కోడ్ వస్తుంది, మన ప్రోగ్రామ్ లో ఆ రిపీట్ ని అసలు లెక్కలోకి తీసుకోకూడదు. ఫిలిప్స్ వాళ్ళ ఆర్‌సీ5, పాత మీడియా సెంటర్ రిమోట్ల ఆర్‌సీ6 మాత్రం 36 కిలోహెర్ట్జ్, సోనీ 40, అలాంటి రిమోట్ అయితే ఆ ఫ్రీక్వెన్సీ మాడ్యూలే కొనండి, 38 తో కూడా దగ్గర నుంచి పనిచేస్తుంది గానీ దూరం బాగా పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వేలు ఎంతసేపు నొక్కాలి. చిన్నగా నొక్కితే విండోస్ కి మర్యాదగా చెప్పినట్టు, పవర్ ఆప్షన్స్ లో పవర్ బటన్ కి స్లీప్ బదులు షట్‌డౌన్ అని ఉంటే అది అన్నీ సర్దుకుని ఆగుతుంది. 4 సెకన్లు పట్టుకుంటే బోర్డు ఎవర్నీ అడక్కుండా కరెంటు కోసేస్తుంది. కాబట్టి పల్స్ 300 నుంచి 500 మిల్లీసెకన్లు, అంతకన్నా వద్దు. నేను మొదటిసారి చేసినప్పుడు 500 అని కొట్టాల్సిన చోట ఒక సున్నా ఎక్కువ పడింది, 5000, పీసీ ఆన్ అవ్వడం ఫ్యాన్లు జోరుగా తిరగడం ఠపీమని చచ్చిపోవడం, సప్లై పోయిందనుకుని విప్పి పరీక్ష చేసి ఇంకో సప్లై అరువు తెచ్చి పెట్టి కూడా అదే జరిగితే అప్పుడు గానీ నా ప్రోగ్రామ్ చూసుకోవాలనే బుద్ధి పుట్టలేదు. ఒకసారి నొక్కాక ఒక అయిదు సెకన్ల పాటు ఏ కోడ్ వచ్చినా పట్టించుకోకుండా ఉండేట్టు రాయండి, పిల్లలు రిమోట్ ని టపటపా నొక్కితే పీసీ ఆన్ ఆఫ్ అవుతూ ఉంటుంది లేకపోతే.

ప్రశ్న: రిమోట్ లో పవర్ ఒకటే బటన్. ఒక్కోసారి టీవీ ఆన్ అయ్యి పీసీ ఆఫ్ అవుతుంది, మళ్ళీ నొక్కితే పీసీ ఆన్ టీవీ ఆఫ్. రెండూ కలిసి ఆన్ అవ్వడం గగనం.

జవాబు: ఇది రిమోట్ల ప్రపంచంలో పాత జబ్బు. ఆ బటన్ ఆన్ అని చెప్పదు, ఆఫ్ అని చెప్పదు, ఇప్పుడెలా ఉన్నావో దానికి ఉల్టా చెయ్ అంటుంది. ఒకసారి ఒకటి సిగ్నల్ మిస్ అయ్యిందంటే అక్కణ్ణుంచి రెండూ ఎడమొహం పెడమొహం. మందు ఏంటంటే ఆన్ కి ఒక కోడ్, ఆఫ్ కి వేరే కోడ్. చాలా టీవీలకి ఇలా విడివిడి కోడ్లు ఉంటాయి, వాటితో వచ్చిన రిమోట్ లో బటన్ ఉండదు గానీ నేర్చుకునే యూనివర్సల్ రిమోట్ లో పెట్టుకోవచ్చు.

పీసీ వైపు ఇలా విడగొట్టడం పై సర్క్యూట్ చేసినవాళ్ళకి సులభం. పీసీ నిజంగా ఆన్ లో ఉందో లేదో మైక్రోకంట్రోలర్ కి తెలిస్తే చాలు. హార్డ్ డిస్క్ పవర్ కనెక్టర్ లో ఎర్ర వైరు ఉంటుంది కదా, అది మామూలు 5 వోల్టులు, పీసీ ఆన్ లో ఉన్నప్పుడు మాత్రమే ఉంటుంది, స్లీప్ లోనూ షట్‌డౌన్ లోనూ ఉండదు. దాన్ని 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ద్వారా ఇంకో పిన్ కి ఇచ్చి, అదే పిన్ నుంచి గ్రౌండ్ కి 100 కిలో ఓమ్స్ ఒకటి వేయండి. ఇప్పుడు ఆన్ కోడ్ వచ్చిందనుకోండి, ఎర్ర వైరులో 5 వోల్టులు లేకపోతేనే నొక్కు, ఉంటే ఊరుకో. ఆఫ్ కోడ్ కి తిరగేసి. పవర్ ఎల్ఈడీ చూసి కనిపెట్టొచ్చని కొందరు అంటారు, కానీ స్లీప్ లో అది కొన్ని బోర్డుల్లో మినుకుతూ ఉంటుంది, మినుకుల్లో ఏ క్షణాన చూశామన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది, ఎర్ర వైరే నయం.

హెచ్‌డీఎంఐలోనే సీఈసీ అని ఒక వైరు ఉంది, టీవీ ఆన్ అయితే పక్క పరికరాలకి ఆ కబురు దాని మీద వెళ్తుంది. చిక్కేంటంటే మామూలు గ్రాఫిక్స్ కార్డులు ఆ వైరుని ఎక్కడా కలపవు. పల్స్ ఎయిట్ వాళ్ళ యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ మధ్యలో పెడితే కోడి నేరుగా వాడుకుంటుంది, కానీ షట్‌డౌన్ అయిన పీసీని లేపే విషయంలో మళ్ళీ మొదటి ప్రశ్నలో చెప్పిన యూఎస్‌బీ కథే.

ప్రశ్న: స్మార్ట్ ప్లగ్ ఒకటి పెట్టి దాన్ని ఐఆర్ బ్రిడ్జ్ (రిమోట్ సిగ్నల్ ని నెట్‌వర్క్ కి అందించే డబ్బా) తో ఆన్ ఆఫ్ చేస్తే ఈ సోల్డరింగ్ బాధ ఉండదు కదా?

జవాబు: ఆన్ కి పనికొస్తుంది. బయోస్ లో కరెంటు వచ్చాక పవర్ ఆన్ అవ్వు అని పెడితే ప్లగ్ ఆన్ అవ్వగానే పీసీ లేస్తుంది. ఆఫ్ కి మాత్రం వద్దు బాబూ, నడుస్తున్న పీసీకి రోజూ కరెంటు పీకడమంటే ఒక రోజు కాకపోతే ఒక రోజు ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. ముందు రిమోట్ తో షట్‌డౌన్ చేసి అయిదు నిమిషాల తర్వాత ప్లగ్ ఆఫ్ అయ్యేట్టు పెట్టుకుంటే అప్పుడు సరే.

ప్రశ్న: లినక్స్ లో సస్పెండ్ చేస్తే రిమోట్ తో లేవట్లేదు, అదే పీసీలో విండోస్ పెడితే లేస్తోంది.

జవాబు: హార్డ్‌వేర్ బాగున్నట్టే, అనుమతి లేదంతే. సిస్ ఫోల్డర్ కింద మీ యూఎస్‌బీ పరికరం దగ్గర పవర్, దాంట్లో వేకప్ అనే ఫైల్ ఉంటుంది, అందులో డిసేబుల్డ్ అని ఉంటే ఎనేబుల్డ్ అని రాయండి. రిసీవర్ కి ఒక్కదానికే కాదు, అది తగిలించిన రూట్ హబ్ కి కూడా. ప్రాక్ లో ఏసీపీఐ కింద వేకప్ లిస్టులో (/proc/acpi/wakeup) యూఎస్‌బీ కంట్రోలర్ డిసేబుల్ అయి ఉందేమో కూడా చూడండి, దాంట్లో పేరు రాస్తే ఆన్ ఉన్నది ఆఫ్ అవుతుంది ఆఫ్ ఉన్నది ఆన్ అవుతుంది కాబట్టి చూడకుండా రాయొద్దు. రీబూట్ చేస్తే ఇవన్నీ మళ్ళీ మొదటికొస్తాయి, పరికరం కనపడగానే సెట్టింగ్ దానంతట అదే పెట్టే యూడెవ్ (udev) రూల్ ఒకటి రాసి పెట్టుకోండి. పవర్ కీ నొక్కితే సస్పెండ్ బదులు షట్‌డౌన్ అయిపోతోందంటే అది సిస్టమ్‌డీ లాగిన్‌డీ పని, దాని కాన్ఫిగ్ ఫైల్ లో హ్యాండిల్ పవర్ కీ దగ్గర సస్పెండ్ అని మార్చండి.

ప్రశ్న: రాస్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) మీద కోడి నడుపుతున్నాను. దాని మీద జీపీఐఓ 3 అనే పిన్ ని గ్రౌండ్ కి కలిపితే హాల్ట్ (షట్‌డౌన్) లోంచి లేస్తుందట, టీఎస్ఓపీ అవుట్‌పుట్ కూడా సిగ్నల్ వస్తే కిందకే దిగుతుంది కదా, నేరుగా కలిపేస్తే?

జవాబు: తెలివైన ఆలోచనే, లేవడం కూడా లేస్తుంది, కానీ టీవీ వాల్యూమ్ పెంచినా ఏసీ రిమోట్ నొక్కినా లేస్తుంది. టీఎస్ఓపీకి ఏ బటనో తెలియదు, ఎవరో ఏదో నొక్కారని మాత్రమే తెలుసు. మధ్యలో ఆ ఏటీటైనీ పెట్టి సరైన కోడ్ వచ్చినప్పుడే జీపీఐఓ 3 ని కిందకి లాగేట్టు చేయండి. రాస్‌బెర్రీ పై పిన్నుల మీద 3.3 వోల్టులే, ఏటీటైనీని 5 వోల్టుల మీద నడుపుతుంటే దాని పిన్ ని నేరుగా కలపకండి, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ గానీ ఆప్టోకప్లర్ గానీ ఉండాలి.

ప్రశ్న: రిమోట్ అసలు సిగ్నల్ ఇస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? బ్యాటరీలు కొత్తవే.

జవాబు: ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ ముక్కుని దానికి చూపించి బటన్ నొక్కండి, ఊదా రంగులో మినుకుతూ కనిపిస్తే సిగ్నల్ ఉన్నట్టే. రిమోట్ ఎల్ఈడీలు మామూలుగా 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి, కంటికి కనపడదు గానీ కెమెరా సెన్సార్ కి కనపడుతుంది. వెనక కెమెరాలో ఫిల్టర్ గట్టిగా ఉండి కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. అక్కడ మినుకుతూ కూడా పీసీ దగ్గర పనిచేయట్లేదంటే పీసీ పెట్టిన అలమర తలుపు తీసి ఒకసారి నొక్కండి, నల్ల అద్దం అయితే ఒక్కోసారి దాటుతుంది, చెక్క అయితే దాటదు, రిసీవర్ ని యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో బయటకి తెచ్చి టీవీ అంచున అతికించేయండి.